కాపలా కుక్కకు గోమార్లు పట్టాయని పత్తి మందు పూయకండి: కుక్కలు, పిల్లుల్లో చర్మం, చెవి, పురుగుల సమస్యలకు ఏం చేయాలి?



పోయిన వానాకాలం రైతు వేదికలో పత్తిలో పచ్చదోమ గురించి మాట్లాడి లేస్తుంటే ఒక రైతు నన్ను పక్కకు పిలిచారు. "సారూ, పత్తికి కొట్టంగ మందు కొంచెం మిగిలింది. మా కుక్కకు గోమార్లు బాగ పట్టినయ్. నీళ్లల్ల కలిపి పూస్తే పోతయా?" అని అడిగారు. వద్దని చెప్పి, ఏం చేయాలో చెప్పి పంపాను. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అంతకు రెండేళ్ల ముందు, అడగకుండా పూసినవాళ్ల ఇంటికి నేను వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నం మందు పూశారు. సాయంత్రానికి కుక్క చొంగ కారుస్తూ, వణుకుతూ, కాళ్లు చాపి పడిపోయింది. రాత్రికి చనిపోయింది. మందు పూసేటప్పుడు కుక్కను ఒళ్లో పట్టుకుని కూర్చున్న పాపకు వాంతులు మొదలైతే ఆసుపత్రికి తీసుకుపోయారు. పాప బతికింది.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. చదివింది పంటల గురించి, పశువైద్యుడిని కాను. కానీ కుక్క మీద పోసేది మా శాఖ పంటకు సిఫారసు చేసిన మందు అయినప్పుడు, ఇది నా పని కాదని తప్పుకోలేను. కింద రాసినవన్నీ పశువైద్య మిత్రులను అడిగి సరిచూసుకున్నవే.

మన దగ్గర, అంటే దుమ్ముగూడెం, చర్ల, ములకలపల్లి, అశ్వారావుపేట వైపు అడవి అంచు పల్లెల్లో కుక్క ముచ్చట కోసం పెంచేది కాదు. మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళ అడవి పందిని మంచె దగ్గరికి రానివ్వనిది కుక్క. రాత్రి మేకల దొడ్డి కాసేది కుక్క. గింజల గాదె దగ్గర ఎలుకలను పట్టేది పిల్లి. ఇవి రోజూ అడవిలోకి పోయి వస్తాయి, మేకల మధ్య పడుకుంటాయి, పిల్లలతో ఆడతాయి. అడవి నుంచి ఇంట్లోకి, ఇంటి నుంచి అడవిలోకి పురుగులను మోసేవి కూడా ఇవే.

పంట మందు ఎందుకు పనికిరాదు

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు పురుగు నరాల మీద పనిచేస్తాయి. నరంలో ఒక సంకేతం వెళ్లాక దాన్ని ఆపే ఎంజైమును ఇవి కట్టిపడేస్తాయి. సంకేతం ఆగక నరాలు, కండరాలు అదుపు తప్పి పురుగు చస్తుంది. అదే ఎంజైము కుక్కలోనూ ఉంది, మనలోనూ ఉంది. మందుకు గోమారు, కుక్క, మనిషి అన్న తేడా తెలియదు.

పైగా పంట మందు మోతాదు ఎకరానికి లెక్క. జంతువు మందు మోతాదు కిలో బరువుకు లెక్క. ఊరకుక్క బరువు 12 నుంచి 18 కిలోలు, పిల్లి బరువు మూడు కిలోలు. "మూత నిండా పోసి బకెట్‌లో కలిపిన" అనే కొలత వాటికి ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. పంట మందులో ఉండే నూనెలాంటి ద్రావకం మందును చర్మంలోకి ఇంకా తొందరగా దించుతుంది. గోకి గోకి పుండైన చర్మమైతే చెప్పనవసరం లేదు. ఇక కుక్క ఊరుకోదు కదా, ఒళ్లంతా నాకుతుంది. పూసిన మందు అలా కడుపులోకి కూడా పోతుంది.

"మా పక్కింటాయన పూసిండు, ఏం కాలే" అని చాలామంది అంటారు. కొన్ని కుక్కలు తట్టుకుంటాయి, నిజమే. మందు డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితం అని, పసుపు ఉంటే ఆ తర్వాతి స్థాయి అని మీకు శిక్షణల్లో చెప్పే ఉంటాం. పంట మందు ఏ రంగు త్రికోణందైనా జంతువు ఒంటి మీదికి వద్దు.

ఫోరేట్ గుళికల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పుండులో పురుగులు పడితే నాలుగు గుళికలు వేసి కట్టడం మన దగ్గర పాత అలవాటు. పురుగులు చస్తాయి. గుళిక పుండులో నుంచి నేరుగా రక్తంలోకి పోయి కుక్కను కూడా చంపుతుంది. ఫోరేట్‌ను దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. పాత సంచి ఏదైనా చూరులో దాచి ఉంటే దాన్ని చెరువులోనో వాగులోనో పారేయకండి, మీ ఏఈఓకు చెప్పండి.

పొరపాటున ఇప్పటికే మందు పూసి ఉంటే ఆలస్యం చేయకండి. చేతికి గ్లౌజులు గానీ పాలిథీన్ సంచులు గానీ తొడుక్కుని, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. పాలు, నెయ్యి, చింతపండు రసం తాగించకండి, వాంతి చేయించకండి. మందు డబ్బాను లేదా దాని లేబుల్‌ను వెంట పట్టుకుని పశువుల దవాఖానకు వెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ విరుగుడు సూది సరిగా వేయగలరు. కుక్కను పట్టుకున్న మనిషికి చెమటలు, వాంతులు, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే ఆ మనిషిని ముందు ఆసుపత్రికి చేర్చండి.

గోమార్లు: కుక్క మీద ఉన్నవి కొన్నే

గోమార్లను కొన్ని ఊళ్లలో పిడుదులు అంటారు. కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమ రంగు గోమారు. దీని బతుకు తెలిస్తే సగం పని అయినట్టే. రక్తం తాగి శనగ గింజంత ఉబ్బిన ఆడ గోమారు కుక్క మీద గుడ్లు పెట్టదు. కింద పడి, గోడ పగులులోకో, రాళ్ల సందులోకో, పాత గోనె సంచి మడతలోకో దూరి, అక్కడ వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చస్తుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కుక్క ఎక్కి రక్తం తాగి మళ్లీ దిగుతాయి. కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ దిగుతాయి. పెద్దవై మూడోసారి ఎక్కినప్పుడే మీ కంటికి బాగా కనిపిస్తాయి. అంటే కుక్క ఒంటి మీద మీరు చూసే వాటికంటే గోడలో, నేలలో ఉన్నవి చాలా ఎక్కువ. కుక్కకు మాత్రమే మందు పూసి, అది పడుకునే చోటును వదిలేస్తే పది రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

కాబట్టి ముందు చోటు చూడండి. కుక్క పడుకునే గోనె సంచి కాల్చేయండి, గుడ్డ అయితే మరిగే నీళ్లలో వేయండి. గోడ అడుగున, మంచె గుంజల దగ్గర, దొడ్డి రాళ్ల సందుల్లో పగుళ్లను మట్టితో పూడ్చి సున్నం పూయండి. నాకు తెలిసినంతలో ఇంత చవకైన, ఇంత బాగా పనిచేసే గోమార్ల మందు ఇంకోటి లేదు. నాటుకోళ్లు తిరిగే వాకిట్లో గోమార్లు కొంత తక్కువ ఉంటాయి, ఏరుకు తింటాయి కాబట్టి. సందుల్లో కొట్టడానికి పశువుల మందుల షాపులో దొరికే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వాడవచ్చు. సీసా మీద రాసిన కొలతకు మించి కలపవద్దు. కొట్టేటప్పుడు కోళ్లను, పిల్లిని, పిల్లలను దూరంగా ఉంచి, ఆరిన తర్వాతే రానివ్వండి. ఈ మందులు చేపలను చంపుతాయి, కాబట్టి చెరువు గట్టున సీసా కడగవద్దు. రెండు వారాలకు ఒకసారి చొప్పున మూడు నాలుగుసార్లు చేస్తే గుడ్ల నుంచి కొత్తగా వచ్చేవి కూడా పోతాయి.

ఇక కుక్క ఒళ్లు. పదో ఇరవయ్యో ఉంటే చేత్తో తీయడమే మంచిది. చెవి లోపలి మడతలు, కాలి వేళ్ల సందులు, చంకలు, మెడ పట్టీ కింద వెతకండి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నేరుగా లాగండి. సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి. గోటితో చిదమకండి, దాని రక్తంలో రోగ క్రిములు ఉంటాయి. బీడీతో కాల్చడం, కిరోసిన్ పూయడం వద్దు. కాలిన గోమారు లోపలి ద్రవాన్ని కుక్క ఒంట్లోకే కక్కుతుంది.

వందల్లో ఉంటే డాక్టర్‌ను అడిగి కుక్కలకు ఉద్దేశించిన మందే వాడండి. ఒళ్లు తడిపే అమిత్రాజ్ మందు ఉంది, మెడ మీద వేసే చుక్కల మందు ఉంది, ఈ మధ్య తినిపించే మాత్రలు కూడా వచ్చాయి. అఫాక్సోలనర్ మాత్ర నెల రోజులు, ఫ్లురలనర్ మాత్ర సుమారు మూడు నెలలు పనిచేస్తుంది. ధర ఎక్కువే. అయితే ఏడాది పొడవునా నాలుగు రకాల మందులు తెచ్చి పోసేకంటే, గోమార్లు బాగా పెరిగే కాలంలో ఒక మాత్ర లెక్కకు చవకగానే పడవచ్చు. మూర్ఛ వచ్చే కుక్క అయితే ఈ మాత్రలు ఇచ్చేముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. అమిత్రాజ్ కలిపిన నీళ్లతో తడిపాక తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. చిన్న కూనలకు, పాలిచ్చే తల్లికి అది వద్దు.

గోమార్లు రక్తం తాగడం ఒక నష్టమైతే, జ్వరం అంటించడం అంతకంటే పెద్ద నష్టం. ఎర్లీకియా, బెబీసియా అనే జబ్బులు వీటి వల్లే వస్తాయి. కుక్క తిండి మానేసి మూలన పడుకుంటే, ముక్కు నుంచి రక్తం కారితే, మూత్రం ఎర్రగా లేదా కాఫీ రంగులో పోస్తే, చిగుళ్లు తెల్లబడితే అది మామూలు నీరసం కాదు. పెదవి ఎత్తి చిగురు చూడటం నేర్చుకోండి. గులాబీ రంగులో ఉండాలి. ఎర్లీకియాకు డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు రాస్తారు. అయిదో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, మనవాళ్లు మాత్రలు ఆపేస్తారు, నెల తిరిగేసరికి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. రాసినన్ని రోజులూ వేయండి. మాత్ర అన్నంలో పెట్టి ఇవ్వండి, పాలతో వద్దు. పాలలో మందు సరిగా ఒంటబట్టదు.

గజ్జి

బొచ్చు రాలి, చర్మం మందమై, ముడతలు పడి, రాత్రంతా గోక్కునే కుక్కను చూస్తే అది గజ్జి అని మీకు తెలుసు. కానీ గజ్జిలో రెండు రకాలున్నాయి. ఒకటి అంటుకునే గజ్జి. చెవుల అంచులు, మోచేతులు, మడమల దగ్గర మొదలై విపరీతంగా దురద పెడుతుంది. పట్టుకున్న మనిషికి కూడా చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తాయి. కుక్కకు వైద్యం చేస్తే మనుషుల దద్దుర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఇంటి దగ్గరే చేసుకునే పరీక్ష ఒకటుంది. కుక్క చెవి అంచును మడిచి రెండు వేళ్ల మధ్య రుద్దండి. వెంటనే వెనక కాలితో గోకినట్టు ఊపితే ఇది అంటుకునే గజ్జి కావడానికి అవకాశం ఎక్కువ.

రెండోది కూనల్లో, ఏడాదిలోపు కుక్కల్లో కనిపిస్తుంది. కళ్ల చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ల మీద బొచ్చు రాలి మచ్చలు పడతాయి, మొదట్లో దురద ఉండదు. ఇది ఇంకో కుక్కకు గానీ మనుషులకు గానీ అంటదు. ఒకటి రెండు మచ్చలైతే మంచి తిండి పెడితే తగ్గిపోతుంది కూడా. ఒళ్లంతా పాకితేనే పెద్ద వైద్యం కావాలి. ఏది ఏ రకమో ఖాయంగా తెలియాలంటే చర్మం గీరి సూక్ష్మదర్శినిలో చూడాలి. పశువుల దవాఖానలో అయ్యే చిన్న పని అది.

ఇక గజ్జికి మనవాళ్లు చేసే వైద్యాలు. ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూస్తారు. అందులో లోహపు పొడి, విష పదార్థాలు ఉంటాయి. కుక్క నాకి కాలేయం చెడిపోతుంది, ఎండలో చర్మం కాలుతుంది. సీతాఫలం గింజల పొడి పేలకు, గజ్జికి వాడతారు. అది పేలను చంపే మాట నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే కంటి గుడ్డు పైపొర పుండు పడుతుంది. మనుషుల్లో కూడా ఈ కేసులు కంటి డాక్టర్లు చూస్తుంటారు. గోకే కుక్క కాలు కంటి దగ్గరికి పోకుండా ఎవరు కాస్తారు?

పాత వైద్యాల్లో కొంత అర్థమున్నది గంధకం. మెత్తటి గంధకం పొడిని కొబ్బరి నూనెలో పదో వంతు కలిపి మూడు నాలుగు రోజులకొకసారి మూడు వారాలు పూస్తే తేలికపాటి గజ్జికి పనిచేస్తుంది, ప్రమాదం తక్కువ. వాసన మాత్రం భరించాలి. కానుగ నూనె, వేప నూనె కుక్కకు పలుచగా, కొద్దిచోట రాస్తే ఫర్వాలేదు. పిల్లికి వేప నూనె రాయవద్దు.

గజ్జికి సూది అంటే ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో గోల్ఫ్ మైదానం పక్క మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు ఇది. దీన్ని కనిపెట్టినందుకు ఒమురా, కాంప్‌బెల్ గారలకు 2015లో నోబెల్ ఇచ్చారు. గొప్ప మందే. ఇబ్బంది అంతా కొలతలో ఉంది. పశువులకు వేసే ఒక శాతం సూది మందు 50 కిలోల బరువుకు 1 మి.లీ. ఆ లెక్కన 15 కిలోల కుక్కకు 0.3 మి.లీ., రెండు కిలోల కూనకు 0.04 మి.లీ., అంటే దాదాపు ఒక చుక్క. సంతలో కొన్న సీసా నుంచి "మేకకేసినంత" అని ఒక మి.లీ. వేస్తే ఏమవుతుందో మీరే లెక్క చూడండి. కంటిపాప పెద్దదై, తూలుతూ, చొంగ కారుస్తూ, స్పృహ తప్పుతుంది. దీనికి విరుగుడు లేదు. కొన్ని విదేశీ గొర్రెల కాపరి జాతి కుక్కలకు, వాటి సంకర జాతులకు సరైన కొలత కూడా ప్రాణాంతకం కావచ్చు. ఊరకుక్కే అనుకున్నా దాని తండ్రి ఎవరో మనకు తెలియదు కదా. ఈ సూది డాక్టరే వేయాలి, కుక్కను తూచి వేయాలి.

పిల్లి అంటే చిన్న కుక్క కాదు

ఈ ఒక్క మాట గుర్తుంటే చాలా పిల్లులు బతుకుతాయి. పిల్లి కాలేయంలో కొన్ని రకాల మందులను విరగ్గొట్టే శక్తి తక్కువ. కుక్కకు సరిపడే పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిత్రాజ్ పిల్లికి విషం. కుక్కకు ఆ మందు పూసిన రోజు, అది ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి. జ్వరమని ఒక పారాసిటమాల్ మాత్ర వేస్తే పిల్లి చనిపోతుంది. ఫినైల్ వేసి తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకినా ప్రమాదమే. డెటాల్‌తో స్నానం చేయించడం వద్దు.

పిల్లి గజ్జి చెవుల కొనల నుంచి మొదలై ముఖమంతా పొక్కు కడుతుంది. గుండ్రంగా బొచ్చు రాలి అంచు ఎర్రగా ఉంటే అది తామర. పిల్లిని ఒళ్లో పెట్టుకునే పిల్లల మెడ మీద, చేతుల మీద కూడా గుండ్రటి మచ్చ వస్తుంది. అలాంటప్పుడు పిల్లికీ పిల్లకీ ఒకేసారి వైద్యం చేయించాలి. ఒకరికి చేసి ఒకరిని వదిలితే తిరిగి అంటుకుంటూనే ఉంటుంది.

పిల్లులకూ కుక్కలకూ పట్టే గెంతే పేలు ఉన్నాయా లేదా అనుమానమైతే తెల్ల గుడ్డ తడిపి దాని మీద పిల్లి బొచ్చు దువ్వండి. పడిన నల్ల పొడి తడికి ఎర్రగా మారితే అది పేల మలం, అందులోది జీర్ణమైన రక్తం. ఈ పేలు కూడా గోమార్లలాగే ఎక్కువ కాలం నేల దుమ్ములోనే ఉంటాయి. రోజూ ఊడ్చి, పడక ఎండలో వేయండి.

చెవి

తల విదిలించడం, చెవి గోకడం, తల ఒక పక్కకు వంచి ఉండటం చెవి జబ్బుకు గుర్తులు. చెవిలోకి చూడండి, వాసన చూడండి. పొడిగా కాఫీ పొడిలాంటి నల్ల మురికి ఉంటే చెవి పురుగులు. పిల్లుల్లో, కూనల్లో ఇవి సర్వసాధారణం. గోధుమ రంగు జిగట, పుల్లటి వాసన అయితే బూజు రకం. పసుపు చీము, దుర్వాసన, ముట్టుకోనివ్వనంత నొప్పి అయితే బాక్టీరియా. మూడింటికీ మందు వేరు, అందుకే పక్కింటి చుక్కల మందు తెచ్చి వేయవద్దు.

నల్ల మురికి మాత్రమే ఉండి నొప్పి లేకపోతే గోరువెచ్చని కొబ్బరి నూనె నాలుగు చుక్కలు వేసి, చెవి మొదలు మెల్లగా పిసికి, దూదితో కనిపించినంత మేర తుడవండి. పుల్ల, అగ్గిపుల్ల లోపలికి పెట్టవద్దు. చెవి పురుగు జీవితం మూడు వారాలు, కాబట్టి మందు కూడా మూడు వారాలకు తక్కువ కాకుండా, ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకూ పిల్లులకూ వాడాలి.

తల వంచి, తూలుతూ, ఒకే పక్కకు తిరుగుతుంటే కర్ణభేరి చిరిగి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ చుక్కలూ వేయవద్దు. జెంటామైసిన్ వంటి చుక్కలు చిరిగిన చెవిలోకి పోతే శాశ్వతంగా చెవుడు వస్తుంది. కొన్నిసార్లు గట్టిగా విదిలించి విదిలించి చెవి డొప్పలో రక్తం చేరి మెత్తటి దిండులా ఉబ్బుతుంది. దాన్ని సూదితో పొడవకండి, డాక్టర్ కోసి కుట్లు వేయాలి.

పుండులో పురుగులు

వానాకాలం, ముఖ్యంగా గోదావరి పొంగి దిగాక ఇది ఎక్కువ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు వారాల తరబడి తడిలో ఉన్న జంతువుల అవస్థ చూసినవాళ్లు మరిచిపోరు. అడవి పంది కోర తగిలిన గాయం, చెవి పక్క పుండు, తోక మొదలు, ఎక్కడ తడి ఉంటే అక్కడ ఈగ గుడ్లు పెడుతుంది. ఒక రోజులోనే పురుగులు పుట్టి మాంసంలోకి తొలుస్తాయి.

ముందు కుక్క మూతికి మెత్తటి గుడ్డ కట్టండి, నొప్పికి ఎంత మంచి కుక్కైనా కరుస్తుంది. ఊపిరి ఆడుతుందో లేదో చూసుకోండి. పుండు చుట్టూ బొచ్చు కత్తిరించి, మరిగించి చల్లార్చిన ఉప్పు నీళ్లతో (లీటరుకు రెండు చెంచాల ఉప్పు) ధారగా కడిగి, పైకి వచ్చిన పురుగులను పట్టకారుతో ఏరండి. లోతుగా ఉంటే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, లోపల ఒకటి మిగిలినా పుండు మానదు. టర్పెంటైన్ దూది పెట్టడం డాక్టర్లు కూడా కొన్నిచోట్ల చేస్తారు. కానీ దాన్ని పుండులో ఒలకబోయకూడదు, పిల్లికి అసలే వాడకూడదు. పెట్రోలు, ఫినైల్, గుళికలు వద్దు. తర్వాత ఈగలు రాకుండా చేసే స్ప్రే పుండు అంచుల చుట్టూ రోజూ కొట్టాలి.

కడుపులో పురుగులు, మేకల నష్టం

కూన పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లు సన్నబడి ఉంటే అది బలం కాదు, ఏలిక పాములు. ఇవి తల్లి కడుపులో ఉండగానే కూనకు వస్తాయి, కొంకి పురుగులు తల్లి పాల ద్వారా వస్తాయి. కొంకి పురుగులు రక్తం పీల్చి మూడు నాలుగు వారాల కూనలను చంపేస్తాయి. "ఈతలో కూనలన్నీ పోయినయ్, దిష్టి తగిలింది" అన్న చాలా ఇళ్లలో అసలు కారణం ఇదే అయ్యుంటుంది. పుట్టిన రెండో వారంలో మొదటి నట్టల మందు, ఆ తర్వాత మూడో నెల వరకు రెండు వారాలకొకసారి, ఆరో నెల వరకు నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి వేయాలి. తల్లికి కూడా కూనలతో పాటే వేయాలి. మన దగ్గర దొరికే ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన కుక్కల మాత్రలు చాలావరకు 10 కిలోలకు ఒక మాత్ర లెక్క. పెట్టె మీద చూసి వేయండి. కొంకి పురుగుల పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే మనుషుల పాదాల చర్మంలో కూడా దూరి పాములా మెలికలు తిరిగే ఎర్ర గీత పెడతాయి.

మేకలు, గొర్రెలు ఉన్న రైతులు ఇది ఆగి చదవండి. జాతరలో, కొలుపుల్లో మేకను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కనిపిస్తే అవి తీసి కుక్కకు పడేస్తాం. ఆ తిత్తి కుక్క పేగులో బద్దె పురుగు అవుతుంది. ఆ పురుగు గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద, నీళ్లలో, కుక్క బొచ్చు మీద చేరి మళ్లీ మేకకు, మనిషికి వస్తాయి. మనిషి కాలేయంలో నీటి తిత్తి పెరిగితే ఆపరేషన్ దాకా పోతుంది. గొర్రె తల ఎత్తి గుండ్రంగా తిరుగుతూ చనిపోయే జబ్బుకు కూడా కారణం కుక్క బద్దె పురుగే, ఆ తిత్తి గొర్రె మెదడులో పెరుగుతుంది. పచ్చి పేగులు, ఊపిరితిత్తులు, తలకాయ కుక్కకు వేయకండి. అరగంట బాగా ఉడికించి వేయండి. తిత్తులున్న ముక్కను లోతుగా పాతిపెట్టండి లేదా కాల్చండి. కుక్కకు మూడు నెలలకొకసారి బద్దె పురుగుల మందు వేస్తే ఈ గొలుసు మీ దొడ్డిలోనే తెగుతుంది.

మన కుక్కల జబ్బు అడవికి కూడా పోతుంది. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కుక్కల్లో ఉండే డిస్టెంపర్ వైరస్, గోమార్ల ద్వారా వచ్చే బెబీసియా రెండూ బయటపడ్డాయి. కిన్నెరసాని అభయారణ్యం మన పక్కనే ఉంది.

ఎక్కడికి వెళ్లాలి

మీ మండల పశువుల ఆసుపత్రిలో కుక్కలకు, పిల్లులకు కూడా చూస్తారు. చాలామంది "అది ఆవులకే" అనుకుని వెళ్లరు. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి అడగవచ్చు. వెళ్లేటప్పుడు కుక్క బరువు తెలుసుకుని వెళ్తే సగం పని అయినట్టే. మీరు కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడా కుక్క బరువు. ఇంతకుముందు ఏ మందు వాడారో దాచకుండా చెప్పండి, పంట మందు అయినా సరే. తిట్టడానికి కాదు, దాన్ని బట్టే వేసే సూది మారుతుంది.

రేబిస్ టీకా ఏడాదికొకసారి వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా చాలా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పుండుకు మందు పెడుతుండగా కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గీరినా, సబ్బుతో ధార నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోండి. మన సొంత కుక్కే కదా అని ఆగవద్దు.